పక్కకు తిరిగిన పొగ గొట్టం: లాభమెంత, భారమెవరిది?

పొగ గొట్టాన్ని వెనక బంపరు దాకా లాక్కెళ్లకుండా, వెనక చక్రానికి ముందే తలుపు కింది అంచు నుంచి పక్కకు వదిలేయడం రేసు కార్లలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. అమెరికాలో నాస్కార్ పందెపు కార్లకు పొగ పక్క నుంచే పోతుంది. షెవర్లే 1965లో కార్వెట్ కొనేవాళ్లకు అదనపు సొమ్ముకి పక్క గొట్టాలు అమర్చి ఇచ్చింది. ఇప్పుడు లీటరు టర్బో ఇంజన్లు మన రోడ్ల మీద మామూలైపోయాక ఈ ముచ్చట మన కుర్రకారుకూ పట్టింది. టర్బో కారుకు పొగదారి ఎంత పొట్టిగా ఉంటే అంత బలమన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం ఎంతవరకో లెక్కేసి చూస్తే, వీధిలో తిరిగే కారుకు దక్కేది బలం కన్నా చప్పుడే ఎక్కువని తేలుతుంది.

ముందుగా ఆ నిజమేమిటో చూద్దాం. ఇంజన్ వదిలే వేడి పొగ టర్బైన్ చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. టర్బైన్‌ను తిప్పేది దాని ముందు, వెనక ఉన్న పీడనాల నిష్పత్తి. ముందు పీడనం వెనకదానికి రెండింతలు కావాలనుకుందాం. సైలెన్సర్ అడ్డు వల్ల వెనక 1.3 బార్ ఉంటే, ముందు 2.6 ఉండాలి. అడ్డు తగ్గించి వెనక 1.1కి తెస్తే, ముందు 2.2 చాలు. వెనక 0.2 తగ్గిస్తే ముందు 0.4 తగ్గిందన్నమాట. పొగను బయటికి నెట్టేటప్పుడు పిస్టన్ మోసేది ఈ ముందు పీడనాన్నే. అది తగ్గితే సిలిండర్‌లో మిగిలిపోయే వేడి పొగ తగ్గుతుంది, ఇంధనం వేళ కాని వేళ అంటుకునే నాకింగ్ భయమూ తగ్గుతుంది. టర్బో లేని ఇంజన్‌కు గొట్టం పొడవు కొలిచి కుదర్చాలి గానీ, టర్బో వెనక మాత్రం వెడల్పైన పొట్టి దారే మేలు. రేసు కారు కట్టేవాళ్లు పక్క గొట్టాన్ని ఊరికే ఎంచుకోలేదు.

ఇక వీధి కారు సంగతి. గొట్టంలో అడ్డు ప్రవాహానికి వర్గంగా మారుతుంది. ప్రవాహం సగమైతే అడ్డు నాలుగో వంతుకు పడిపోతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ పోయే చిన్న ఇంజన్ వదిలే పొగకు కంపెనీ గొట్టమే బోలెడంత ఖాళీ. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా పెద్ద అడ్డు ఉండేది టర్బైన్‌ను ఆనుకుని ఉన్న వంపులో, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో, సైలెన్సర్‌లో. పక్క గొట్టంతో మనం కోసేసేది చాలావరకు వెనక ఉన్న తిన్నని భాగం. పైగా నేటి కార్లలో గాలి ఒత్తిడిని కంప్యూటర్ నియంత్రిస్తుంది. టర్బైన్ సులువుగా తిరిగితే అది పొగను టర్బైన్ తగలకుండా పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్‌ను కాస్త ఎక్కువ తెరిచి, ఒత్తిడిని పాత లెక్కకే తెస్తుంది. ఆ లెక్కను మార్చనిదే గొట్టం మార్పుతో చేతికొచ్చేది స్వల్పం.

పనితనం సంగతి చూస్తే కష్టం ఇంకా బాగా తెలుస్తుంది. మీటరు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇంజన్ కూడా తన రబ్బరు మౌంట్ల మీద ఊగుతూ ఉంటుంది. ముడతల గొట్టం, రబ్బరు హ్యాంగర్లు లేకుండా బిగించి వెల్డింగ్ చేస్తే కొన్నాళ్లకే అతుకు దగ్గర పగులుతుంది. తలుపు కింద ఉండే పెట్టెలాంటి అంచు అందానికి పెట్టింది కాదు. పక్క నుంచి గుద్దుకుంటే దెబ్బ కాచేది అదే, దాన్ని కోయకూడదు. దాని కిందుగా గొట్టం తెస్తే స్పీడ్ బ్రేకర్ తగులుతుంది. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టం ఆ చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టాలి. గొట్టం కొస బాడీని దాటి బయటికి రాకపోతే కార్బన్ మోనాక్సైడ్ కారు కిందే పోగై లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు, చేరినట్టు తెలియనే తెలియదు.

టర్బైనే పొగ దెబ్బల్ని విరగ్గొట్టి చప్పుడు తగ్గిస్తుంది, వేరే సైలెన్సర్ ఎందుకని కొందరంటారు. తగ్గించే మాట నిజమే, కానీ అది చాలదు. మన దేశంలో కొత్త కారు అమ్మకానికి రావాలంటే పరీక్షలో 74 డెసిబెళ్లు దాటకూడదు. టర్బోతో పాటు సైలెన్సర్ కూడా ఉంటేనే ఆ గీత లోపల నిలిచేది. డెసిబెళ్లు పది పెరిగితే చెవికి చప్పుడు రెట్టింపైనట్టు వినిపిస్తుంది. కొస పక్కకు తిరిగిందంటే ఆ చప్పుడూ వేడీ సిగ్నల్ దగ్గర ఆగిన బైకు మనిషి కాలి పక్కకు, బస్టాపులో నిలబడ్డవాళ్ల మీదికి పోతాయి.

కంపెనీలే పక్క గొట్టాలు పెడుతున్నాయి కదా అన్నది ఇంకో వాదన, కొంచెం గట్టిదే. మెర్సిడెస్ ఏఎంజీ జీ 63 ఇంజన్‌కు రెండు టర్బోలు, పొగ వెనక చక్రాల ముందు నుంచే పోతుంది. కానీ అది ఎత్తైన బండి, ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన కట్టుబడి. గొట్టానికి చోటు కాగితం మీదే కేటాయించారు. కన్వర్టర్లు, సైలెన్సర్లు అన్నీ ఉంచి, మొత్తం బండిని పరీక్షకు పెట్టి అనుమతి పొందారు. గ్యారేజీలో కోసి అతికిన కారుకు అలాంటి పరీక్ష ఏదీ జరగదు. చట్టం పట్టించుకునేది కూడా ఈ తేడానే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం, కాలుష్యం హద్దులు దాటితే మొదటిసారే 10,000 దాకా జరిమానా వేరే.

కాబట్టి పక్క గొట్టాన్ని పిచ్చి పనిగా కొట్టిపారేయనక్కర్లేదు. ఇంజన్ లెక్కలు మార్చుకుని, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో పూర్తి వేగంతో తిప్పడానికే ఉంచుకున్న కారుకు అది సబబైన ఎంపిక. అక్కడ ప్రవాహం నిండుగా ఉంటుంది, పక్కన పాదచారులు ఉండరు. రోజూ ఆఫీసుకు పోయే కారుకైతే అదే డబ్బు మంచి టైర్లకో బ్రేకు ప్యాడ్లకో పెడితే, ఆ తేడా ప్రతి ప్రయాణంలోనూ తెలుస్తుంది.