పట్టు విడువని బ్రేకు

పరుగెత్తు బండిని నిలుపుటకు బ్రేకు కావలెను. బ్రేకు పట్టకపోయినచో అపాయమని బాలురు కూడ ఎరుగుదురు. అట్టి దోషము కనబడగానే చోదకుడు బెదరి బండికి మరమ్మతు చేయించును. కాని పట్టిన బ్రేకు తిరిగి విడువకపోవుటయు దోషమే. అది మొదట భయపెట్టదు. బండిని కొంచెము కొంచెముగా వెనుకకు లాగుచు, పెట్రోలును హరించుచు, తుదకు నిలుపవలసిన వేళ నిలుపలేని స్థితికి తెచ్చును. మెకానిక్కులు దీనినే “బ్రేకు పట్టేసింది” అందురు.

తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణములు కృష్ణానదికి పడమటి వైపున, సముద్రమునకు చేరువగా ఉన్నవి. ఎటు చూచినను కాలువలు, వరిచేలు, వానాకాలమున జిగురు బురద. బాపట్లకు సమీపమున సూర్యలంక వద్ద సముద్రము కలదు. రేపల్లెకు దక్షిణపు వైపున నిజాంపట్నము రేవు కలదు. సముద్రము మీదినుండి వీచు ఉప్పుగాలి ఇనుమును త్వరగా త్రుప్పు పట్టించును. ఇట్టి చోట పాత మోటారు సైకిలు బ్రేకునకు శత్రువులు మూడు: నీరు, బురద, త్రుప్పు.

రేపల్లె దగ్గరి పల్లెనుండి తెనాలికి పాత బుల్లెట్టు మీద వచ్చిపోవు రైతొకడు ఉన్నాడనుకొనుడు. కొన్ని దినములుగా అతని బండి బరువుగా నడచుచున్నది. పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నది. అతడు పెట్రోలు కల్తీ అయినదని అనుమానించెను. కార్బురేటరును శుభ్రము చేయించెను. ప్లగ్గును మార్పించెను. అయినను గుణము కనబడలేదు. దోషము ఇంజనులో లేదు. అది చక్రములో ఉన్నది. దానిని కనుగొనుటకు ముందు బ్రేకు పనిచేయు తీరు తెలిసికొనవలెను.

మద్రాసులో 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ కూర్చిన తొలి బుల్లెట్లకును, తరువాత వచ్చిన రాజదూత్, యెజ్డీ బండ్లకును చక్రములలో ఉండినవి డ్రమ్ము బ్రేకులు. ఇట్టి బ్రేకునకు ఫ్రాన్సు దేశీయుడగు లూయీ రెనో 1902లో పేటెంటు పొందెను. చక్రముతోపాటు తిరుగు గుండ్రని ఇనుప గిన్నె వంటిది డ్రమ్ము. దానిలోపల అర్ధచంద్రాకారముగల రెండు షూలు తిరుగక నిలిచియుండును. వాని వెలుపలి అంచులకు లైనింగు అంటించియుందురు. పెడలు త్రొక్కగా రాడ్డు లాగబడి, మీట కదలి, క్యాము అను చిన్న ఇరుసు త్రిప్పబడును. అది షూలను విడదీసి డ్రమ్మునకు అదుమును. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనుకకు లాగును. ముందు చక్రమునకు రాడ్డు బదులు కేబులు ఉండును.

అదుముట ఎంత ముఖ్యమో, విడుచుట అంత ముఖ్యము. దీనిని ఒక లెక్కవలన గ్రహింపవచ్చును. బండియు మనిషియు కలిసి 250 కిలోగ్రాములనుకొనుడు. గంటకు 54 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 15 మీటర్లు. అప్పటి గతిశక్తి 28,125 జౌళ్లు. బండిని బ్రేకుతో ఆపినప్పుడు ఈ శక్తిలో అధికభాగము వేడిగా మారును. ఇక పట్టేసిన బ్రేకు 20 న్యూటన్ల బలముతో, అనగా రెండు కిలోల బరువంతటి స్వల్పబలముతో, బండిని వెనుకకు లాగుచున్నదనుకొనుడు. 30 కిలోమీటర్లు పోవునప్పటికి ఆ లాగుడువలన పుట్టు వేడి 6,00,000 జౌళ్లు. ఇది బండిని ఇరువది ఒక్క మారులు ఆపినదానికి సమానము! ఈ వేడికి లైనింగు పట్టు తగ్గును. లోపలి గ్రీజు కరగి లైనింగుపైకి ప్రాకవచ్చును. అందుచే ఎల్లప్పుడు పట్టియుండు బ్రేకు అవసరమైనప్పుడు పట్టదు.

రోగము తెలియకుండ మందు ఈయరాదు. బ్రేకు విషయమునను వెలుపలినుండి లోపలికి, ఒక్కొక్క మెట్టుగా పరీక్షింపవలెను. మొదట కొన్ని కిలోమీటర్లు నడపి, సాధ్యమైనంతవరకు బ్రేకు వాడక బండిని తానై నిలువనీయవలెను. ఎన్నడును లేనంత త్వరగా నిలిచినచో అనుమానింపవలెను. పిదప రెండు డ్రమ్ములకును చేయి దగ్గరగా ఉంచి చూడవలెను. తాకినచో చేయి కాలవచ్చును. వేడిగా ఉన్న డ్రమ్మే దోషస్థానము.

రెండవ మెట్టున ఇంజను ఆపి, బండిని నడిమి స్టాండు మీద నిలిపి, గేరును న్యూట్రలులో ఉంచి, చక్రమును చేతితో త్రిప్పవలెను. వ్రేళ్లు చైనునకు దూరముగా ఉండవలెను. వెనుక చక్రమును చైను కొంత నిరోధించును గనుక అది ముందు చక్రమంత తేలికగా తిరుగదు. తొందరపడి దానినే దోషమని నిర్ణయింపరాదు. ఒరయు శబ్దము ప్రతి చుట్టులోను ఒక్క తావుననే వినబడినచో డ్రమ్ము గుండ్రదనము చెడియుండవచ్చును. గరగర ధ్వనియు, చక్రము ప్రక్కలకు ఊగుటయు కనబడినచో బేరింగును అనుమానింపవలెను.

మూడవ మెట్టున బ్రేకు నట్టును కొన్ని చుట్లు వదులు చేయవలెను. చక్రము వెంటనే స్వేచ్ఛగా తిరిగినచో సర్దుబాటులోనో, రాడ్డు కేబులులలోనో లోపమున్నది. పెడలునకు, చేతి మీటకు కొంత ‘ఆట’ ఉండవలెను. అనగా కొంతదూరము ఊరక కదలిన పిదపనే బ్రేకు అంటవలెను. ఆ కొలత ఆయా బండితో ఇచ్చు పుస్తకమున ఉండును. హ్యాండిలును ఒక ప్రక్కకు త్రిప్పినప్పుడు మాత్రమే ముందు చక్రము పట్టినచో కేబులు వంకరగా పోయినదని గ్రహింపవలెను.

నట్టు వదులు చేసినను చక్రము విడువనిచో రాడ్డును మీటనుండి ఊడదీసి, మీటను చేతితో కదల్పవలెను. అది చురుకుగా వెనుకకు వచ్చినచో క్యాము, స్ప్రింగులు చాలవరకు బాగుగానున్నట్లే. పెడలు ఇరుసునో, కేబులునో చూడవలెను. మీట బద్ధకముగా కదలినచో క్యాము త్రుప్పు పట్టినది, లేదా స్ప్రింగులు సాగినవి. వానలో తడిసి పలుదినములు కదలక నిలిచిన బండిలో షూలు త్రుప్పుతో డ్రమ్మునకే అంటుకొనుటయు కలదు.

చక్రము విప్పు పని తెలిసిన మెకానిక్కే చేయవలెను. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. కావున ధూళిని నోటితో ఊదక, తడిగుడ్డతో తుడువవలెను. క్యాము త్రుప్పును తీసి, వేడికి కరగని గ్రీజును పలుచగా రాయవలెను. ఒక్క చుక్కయైనను లైనింగునకు అంటరాదు. సాగిన స్ప్రింగులను జంటగా మార్చవలెను.

ఇక ఆ రైతు బండి సంగతి. అతని వెనుక డ్రమ్ము వేడిగా ఉండెను. నట్టు వదులు చేయగానే చక్రము హాయిగా తిరిగెను. కారణమేమి? కొన్ని దినముల క్రిందట సాగిన చైనును బిగించిరి. చైను బిగించుటకు వెనుక చక్రమును వెనుకకు జరుపుదురు. దానితో బ్రేకు మీటయు జరుగును. కాని పెడలు ఉన్నచోటనే ఉండును. రాడ్డు పొడవు మారదు. అందుచే రాడ్డు మీటను లాగి పట్టెను. కాలు పెట్టకయే బ్రేకు పడెను. చైను బిగించినవారు ఆ నట్టును సరిచూడ మరచిరి. ఒక్క నట్టును సవరించుటతో తీరు దోషమునకు కార్బురేటరు, ప్లగ్గు శిక్ష అనుభవించినవి.

సవరించిన తరువాత ‘ఆట’ను కొలిచి, జనసంచారము లేని చోట మెల్లగా నడపి, బ్రేకు చక్కగా పట్టుచున్నదో లేదో చూచి, మరల డ్రమ్ము వేడిని పరీక్షింపవలెను. పిలిచినప్పుడు పట్టుట, పొమ్మన్నప్పుడు విడుచుట అను రెండు ధర్మములును నెరవేర్చినదే మంచి బ్రేకు.