ఉపగ్రహం కోసం ఆకాశం చూసేముందు అంకెల తేదీ చూడాలి

సూళ్లూరుపేట: శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగసినప్పుడు చూసేవారికి కొదవ లేదు. అది మోసుకెళ్లిన ఉపగ్రహం తమ ఊరి మీదుగా ఎప్పుడు వెళుతుందో తెలుసుకోగోరే వారే అరుదు. అటువంటి ఔత్సాహికులకు ముందుగా కావలసింది ఖరీదైన టెలిస్కోపు కాదు, రెండు వరుసల అంకెలు.

టూ లైన్ ఎలిమెంట్స్, క్లుప్తంగా టీఎల్ఈ అని పిలిచే ఈ అంకెలకు వరుసకు 69 స్థానాలుంటాయి. కక్ష్య భూమధ్యరేఖకు ఎంత వాలుగా ఉన్నదీ, రోజుకు ఎన్నిమార్లు భూమిని చుట్టివచ్చేదీ ఇందులో తెలుస్తుంది. అమెరికా అంతరిక్ష దళం వీటిని స్పేస్-ట్రాక్ వెబ్‌సైటులో ఉచితంగా ఇస్తోంది. అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. టి.ఎస్. కెల్సో 1985లో ప్రారంభించిన సెలెస్‌ట్రాక్‌లో ఆ అవసరమూ లేదు. అమెరికా తన గూఢచారి ఉపగ్రహాల అంకెలను మాత్రం బయటపెట్టదు. వాటిని కొందరు ఔత్సాహికులే నక్షత్రాల నడుమ గమనించి లెక్కగడుతున్నారు.

అంకెలు దొరకడం కష్టం కాదు. అవి ఏనాటివో చూడకపోవడమే అసలు చిక్కు. నిరుటి పంచాంగం తెరిచి నేటి తిథి చెప్పబోయినట్లవుతుంది. మొదటి వరుసలో 24136.50000000 అని ఉంటే అది 2024లో 136వ రోజు, అనగా మే 15 మధ్యాహ్నం 12 గంటలు. అదీ గ్రీనిచ్ కాలం. మనకు సాయంత్రం 5.30.

ఆ క్షణానికి లెక్క సుమారు కిలోమీటరు తేడాతో సరిపోతుంది. రోజులు గడిచేకొద్దీ తప్పు పెరుగుతుంది. 400 కిలోమీటర్లకు పైబడిన ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పయనిస్తుంది కనుక, కంటితో చూసేవారికి కిలోమీటరు తేడా లెక్కలోనిది కాదు. టెలిస్కోపు గురిపెట్టేవారికి మాత్రం అదే ఇబ్బంది. ఆ ఎత్తులోనూ పలుచని గాలి రాపిడి ఉంటుంది. సూర్యునిలో అలజడి రేగితే ఆ రాపిడి హెచ్చుతుంది. 2022 ఫిబ్రవరిలో అప్పుడే పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 ఆ కారణంగానే నశించాయి. ఇక అంతరిక్ష కేంద్రాన్ని ఇంజన్లతో పైకి నెట్టిన రోజున నిన్నటి అంకెలనూ నమ్మరాదు.

కొత్త ప్రయోగాల తరువాత మరో తంటా. 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్‌వీ-సీ37 శ్రీహరికోట నుంచి ఒకేసారి 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. ఇలా గుంపుగా విడిచినప్పుడు ఏ అంకెలు ఏ ఉపగ్రహానివో తొలి రోజుల్లో తేల్చడం కష్టం. రాడార్‌కు వస్తువే కనిపిస్తుంది గాని దాని పేరు కనిపించదు. అక్కడ హామ్ రేడియో వారు అక్కరకు వస్తారు. దగ్గరవుతున్న ఉపగ్రహం సంకేతం పౌనఃపున్యం కాస్త హెచ్చుగా, దూరమవుతుంటే తక్కువగా అందుతుంది. ఆ మార్పు ఏ క్షణాన జరిగిందో గుర్తించి, ఒక్కొక్క టీఎల్ఈతో పోల్చి చూస్తే అసలుది బయటపడుతుంది.

టీఎల్ఈలో ఉపగ్రహ క్రమసంఖ్యకు 5 స్థానాలే ఉన్నాయి. వస్తువులు పెరిగిపోవడంతో అవి చాలవని ఎక్స్ఎంఎల్, జేసన్ వంటి కొత్త రూపాల్లోనూ వివరాలు ఇస్తున్నారు. పాత వరుసలను మాత్రమే చదవగల ప్రోగ్రాములు వాడేవారు కొత్తవాటికి మారక తప్పదు.