పాత జాబితాను నమ్ముకున్న కంప్యూటర్

పుస్తకాల దుకాణం వారి క్యాటలాగు ఒకటి మీ ఇంట్లో ఉందనుకోండి. అందులో చూసి ఒక పుస్తకానికి ఆర్డరు పంపారు. "ఆ ముద్రణ అయిపోయినది, మా వద్ద లేదు" అని జవాబు వచ్చింది. తప్పు దుకాణానిది కాదు, మీదీ కాదు. క్యాటలాగు పాతబడింది, అంతే! లైనక్స్‌తో నడిచే సర్వర్లకు కూడా ఇటువంటి చిక్కే వస్తుంటుంది.

సర్వర్ అంటే ఇతర కంప్యూటర్లు అడిగిన సమాచారాన్ని రాత్రింబగళ్ళు అందించే కంప్యూటర్. దీనిలోని ప్రోగ్రాములు 'ప్యాకేజీ'లనే మూటల రూపంలో వస్తాయి. ఈ మూటలన్నీ ఇంటర్నెట్‌లో ఒక భాండాగారంలో ఉంటాయి. దానినే రిపాజిటరీ అంటారు. వేలకొద్దీ ఉన్న మూటల వివరాలను ప్రతిసారీ తెప్పించుకోవడం ఆలస్యం కదా! అందుచేత సర్వర్ ఒకసారి తెచ్చుకున్న జాబితాను తన డిస్కు మీద దాచుకుంటుంది. ఈ దాపుకే 'క్యాష్' అని పేరు. రూపాయల క్యాష్‌కూ దీనికీ చుట్టరికం లేదు. దాచడం అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి ఇది వచ్చింది.

దాచిన జాబితాకు గడువు ఉంటుంది. ఫెడోరా వంటి వాటిలో వాడే డిఎన్ఎఫ్ అనే ప్రోగ్రాము, మనం వేరే చెప్పకపోతే, 48 గంటల వరకు దానిని నమ్ముతుంది. ఈలోగా భాండాగారంలో పాత మూటను తీసివేసి కొత్తది పెట్టారనుకోండి. సర్వర్ పాత పేరుతోనే అడుగుతుంది, దొరకదు. ఇది నయం, పొరపాటు కనీసం కంటికి కనిపిస్తుంది. అసలు ప్రమాదం మరొకటి. 2014 ఏప్రిల్ 7న ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాములో 'హార్ట్‌బ్లీడ్' లోపం బయటపడింది. దాని ద్వారా సర్వర్ జ్ఞాపకంలోని రహస్య సంకేత పదాలు సైతం పరుల చేతికి చిక్కవచ్చు. సవరించిన ప్యాకేజీ వచ్చినా, పాత జాబితాను చూసే సర్వర్ "చేయవలసినదేమీ లేదు" అని నింపాదిగా చెబుతుంది!

దీనికి మందు సులభమే. 'డిఎన్ఎఫ్ క్లీన్ ఆల్' అని ఆజ్ఞాపిస్తే దాచిన జాబితాలు, మూటలు చెరిగిపోతాయి. 'డిఎన్ఎఫ్ మేక్‌క్యాష్' అంటే కొత్త జాబితా వస్తుంది. అప్పటికే స్థాపించిన ప్రోగ్రాములకు ఏ హానీ జరగదు. క్యాటలాగు చింపినంత మాత్రాన బీరువాలోని పుస్తకాలు పోవు కదా!

డెబియన్, ఉబుంటులలో ఒక మెలిక ఉంది. అక్కడ 'ఆప్ట్ క్లీన్' ముఖ్యంగా దిగుమతి చేసుకున్న మూటలను తుడుస్తుంది. జాబితాలు వేరే చోట ఉంటాయి. వాటిని కొత్తవి చేయడానికి 'ఆప్ట్ అప్‌డేట్' అనాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఒక్కొక్కప్పుడు భాండాగారమే ఇల్లు మారుతుంది. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో ఆదరణ ముగిసింది. దాని మూటలను 'వాల్ట్' అనే పాత సామాను కొట్టుకు తరలించారు. అటువంటప్పుడు క్యాష్ తుడిస్తే చాలదు. ముందు సర్వర్‌లోని చిరునామాను దిద్ది, పిమ్మట తుడవాలి. దిద్దకుండా తుడిస్తే ఉన్న జాబితా కూడా పోయి చేతులు ఖాళీ అవుతాయి. ఇంత చేసినా ఆ కొట్టులో దొరికేవి పాత మూటలే. కొత్త లోపాలకు సవరణలు అక్కడికి రావు. అందుకని అటువంటి సర్వర్లను 2021లో వెలువడిన ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ వంటి వాటికి మార్చుతున్నారు.