సత్యాసత్యముల వరుస

హాజరుపట్టీని కంప్యూటరున కప్పగింపవలెననిన, విద్యార్థి కొక్కింటికి ‘వచ్చెను’, ‘రాలేదు’ అను రెంటిలో నొకటి చాలును. ఇట్టి ఔనుకాదుల వరుసకు ఆంగ్ల గణితజ్ఞుడగు జార్జి బూలు (1815–1864) పేరిట బూలియన్ అర్రే యని పేరు. పైథాన్ భాషకు తోడుగానున్న నమ్‌పై అను గణితసామగ్రితో దీనిని కట్టుట సులభము.

40 మంది గల తరగతికి జీరోస్(40, డీటైప్=బూల్) అని వ్రాసినచో గడులన్నియు ‘ఫాల్స్’, అనగా అసత్యముతో నిండును. జీరోస్‌కు మారు వన్స్ అనినచో అన్నియు ‘ట్రూ’ యగును. డీటైప్ మాట విడిచినచో దశాంశ సంఖ్యలే వచ్చును. గడికి ఒక బైటు చాలుచోట ఎనిమిది పట్టును. ఎంప్టీ అనుదానిని మాత్రము మేము మెచ్చము. అది గడులను తుడువదు. మెమరీలో పూర్వమున్న చెత్తయే మిగిలి, రాని బాలుడు వచ్చినట్లు కనబడవచ్చును.

వీనికంటె సొగసైన మార్గ మొకటి కలదు. నమ్‌పై వరుసలోనున్న మార్కులను ‘మార్కులు >= 35’ అని పోల్చినచో సత్యాసత్యముల వరుస తనంతట పుట్టును. 28, 35, 61 అను మార్కులకు ఫాల్స్, ట్రూ, ట్రూ. నమ్‌పై ట్రూను ఒకటిగా నెంచును గనుక, ఆ వరుసను సమ్ చేసినచో ఉత్తీర్ణులు ఇద్దరని తేలును. దానినే మార్కుల పేరు ప్రక్కన చదరపు కుండలీకరణములలో నుంచినచో 35, 61 మాత్రమే వెలికి వచ్చును.