కలప లేని కప్పు

చంద్రగిరి కోటలోని రాజమహల్ నిర్మాణంలో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నము, అంతే. కలప లేకుండా కప్పు ఎట్లు నిలుచును? ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతహీ (1900–1989)ని వేధించిన ప్రశ్న ఇదే.

అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. ఉక్కు, కలప దొరకలేదు. పచ్చి ఇటుకలతో ఆయన వేయబోయిన కప్పు కూలిపోయింది. పిమ్మట అస్వాన్ ప్రాంతంలో నూబియా మేస్త్రీలు చెక్క ఆధారమే లేకుండా, వెనుక గోడకు వాల్చి, వరుస వెంట వరుసగా ఇటుకలు అతికిస్తూ కమాను కప్పు వేయడం చూశారు. చదువుకున్న ఆ ఇంజనీరు పల్లె మేస్త్రీలను ఉస్తాదులుగా స్వీకరించడమే మాకు అన్నింటికంటె నచ్చిన విషయం.

1946లో లక్సర్ ఎదుట కొత్త గుర్నా గ్రామానికి పూనుకున్నారు. దళసరి మట్టి గోడలు, పైగాలిని పట్టి గదిలోకి దించే మల్కఫ్ గోపురాలు, ఒక మస్జిద్. అయితే జనం తరలి రాలేదు. వారి జీవనోపాధి పాత ఊరితో ముడిపడి ఉన్నది. గుమ్మటాల ఇండ్లు గోరీలవలె ఉన్నవని కూడ అన్నారట!

వారిని తప్పుపట్టలేము. మన సీమలోనూ మట్టి మిద్దె చల్లనిదని అందరికీ తెలుసు. కాని మట్టింటికి పిల్లనెవరిస్తారు? మే నెలలో రాత్రి సైతం సెగలు గ్రక్కే స్లాబే గౌరవమైనది.

1980ల ఆరంభంలో అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో ఫతహీ నమూనాపై మట్టి ఇటుకల మస్జిద్, మదర్సా లేచాయి. మా మదర్సాలో కొత్త గది వేయవలసి ఉన్నది. దాతలు స్లాబే కోరుతున్నారు. కనీసం గోడలు దళసరిగా, వేడిగాలి పోవుటకు పైన కంతలతో కట్టుదామని కమిటీ పెద్దలకు విన్నవించాము. నిర్ణయం ఇంకా వెలువడలేదు.