పచ్చని నేతతెరలో ఎవరి కథ? అపోహలు – వాస్తవాలు

గోడ నిండా చెట్లు, ఒక ఏరు, దూరాన కోట. ఓ మూల ఈటె పట్టిన యువకుడు, ఒక స్త్రీ, వేటకుక్క. ఇప్పటి బెల్జియంలో ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతంలో, ముఖ్యంగా ఔడెనార్డె పట్టణంలో, 16 నుంచి 18వ శతాబ్దం దాకా ఇలాంటి ‘వెర్డ్యూర్’ ట్యాపెస్ట్రీలు, అంటే పచ్చదనం నిండిన గోడతెరలు, విరివిగా నేశారు. వాటి చుట్టూ అల్లుకున్న అపోహలూ తక్కువేమీ కావు.

అపోహ: ఇది గుడ్డమీద కుట్టిన బొమ్మ.

వాస్తవం: ట్యాపెస్ట్రీలో బొమ్మ మగ్గం మీదే పుడుతుంది. ఉప్పాడ జాందానీలో బుటా మేరకే రంగు పేక తిరిగినట్టు, ఇక్కడ ప్రతి రంగూ తన హద్దు దాకా వెళ్లి వెనక్కి మళ్లుతుంది. జాందానీకి అడుగున చీర నేత వేరే ఉంటుంది. ట్యాపెస్ట్రీలో ఆ రంగు పేకలే బట్ట, పడుగు పైకి కనిపించదు. ప్రసిద్ధమైన బాయూ ట్యాపెస్ట్రీ మాత్రం, పేరు ఏదైనా, 11వ శతాబ్దంలో నారబట్టపై ఉన్నిదారంతో చేసిన కుట్టుపని.

అపోహ: నీలిరంగు ఆకులు చిత్రకారుడి ఊహ.

వాస్తవం: అవి ఒకప్పుడు పచ్చని ఆకులే. నీలం, వెల్డ్ అనే మొక్క నుంచి తీసిన పసుపు, ఈ రెండు అద్దకాలూ కలిస్తేనే ఆకుపచ్చ. వెలుతురుకు పసుపు ముందుగా వెలిసిపోతుంది, నీలం నిలిచిపోతుంది. ఎండ సోకని వెనుకవైపు చూస్తే అసలు రంగు తెలుస్తుంది. న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియం 1998లో తన యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) తెరలను శుభ్రం చేయడానికి వెనుక అస్తరు విప్పినప్పుడు ముందువైపు కన్నా గాఢమైన రంగులు బయటపడ్డాయి.

అపోహ: మనుషులున్నారు కాబట్టి కథ ఇట్టే చెప్పేయవచ్చు.

వాస్తవం: ఈటె, కుక్క, స్త్రీ అంటే రోమన్ కవి ఓవిడ్ రాసిన ‘మెటమార్ఫసీస్’లోనే ముగ్గురు సరిపోతారు. క్రూరమృగాల వేట వద్దని వీనస్ దేవత వారించిన అడోనిస్, తన ఈటెతోనే పొరపాటున భార్యను చంపుకున్న సెఫాలస్, అటలాంటాకు అడవిపంది తలను కానుకిచ్చిన మెలియాగర్. పంది తల కనిపిస్తే మెలియాగర్ అనవచ్చు. ఏ గుర్తూ లేకపోతే ‘వేటగాడు, స్త్రీ’ అని రాయడమే నిజాయితీ. పైగా ఇవి తరచు వరుస తెరలుగా తయారయ్యేవి. వేలాల్లో, వారసుల పంపకాల్లో విడిపోయాక ఒంటరి తెరకు కథ ముందూ వెనుకా తెగిపోతుంది.

అపోహ: ఎడమచేత్తో ఈటె పట్టాడంటే అందులో ఏదో సంకేతం ఉంది.

వాస్తవం: పడుగు నేలకు సమాంతరంగా ఉండే మగ్గంపై నేతగాడు తెర వెనుకవైపు నుంచి పనిచేస్తాడు, నమూనా చిత్రం పడుగు కింద ఉంటుంది. అందుకే పూర్తయిన బొమ్మ కుడిఎడమలు మారి వస్తుంది. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కోసం చిత్రకారుడు రఫేల్ గీసిన నమూనాలకూ, వాటిని చూసి బ్రస్సెల్స్‌లో నేసిన తెరలకూ ఉన్న తేడా ఇదే.

అపోహ: ముద్ర లేకపోతే నకిలీ.

వాస్తవం: తెరలపై ఊరి ముద్ర నేయాలని బ్రస్సెల్స్ 1528లో నియమం పెట్టింది. 1544లో ఐదో చార్లెస్ చక్రవర్తి శాసనం దాన్ని ఇతర పట్టణాలకూ విస్తరించింది. అంతకు ముందువాటికి ముద్ర ఉండాలని లేదు. తర్వాతివాటికి అది బయటి అంచుపట్టీలో ఉండేది. పట్టీ చిరిగితే కత్తిరించి కొత్తది వేసేవారు, దాంతో ముద్రా పోయేది. ఉన్న ముద్ర కూడా ఊరినో నేతశాలనో చెబుతుందే తప్ప కథను చెప్పదు. కథ కావాలంటే అదే నమూనాతో నేసిన మరో తెర కోసం మ్యూజియం జాబితాలు గాలించాలి.