భారలోహాల విషప్రభావం – ఆహార ఖనిజాల రక్షణ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో సున్నపుపాలు అధికం. జింకు లోపం తరచుగా కనిపిస్తుంది. పులివెందుల సమీపాన తుమ్మలపల్లెలో యురేనియం గని, ఎర్రగుంట్ల పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు, ముద్దనూరు వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. ఇవి ఉన్నంత మాత్రాన కాలుష్యం రుజువైనట్లు కాదు. నేలను, నీటిని పరీక్షించవలసిన అవసరం మాత్రం ఉన్నది.

కాడ్మియం, జింకు ఆవర్తన పట్టికలో ఒకే వర్గానికి చెందినవి. నేలలో జింకు కొరవడితే మొక్క కాడ్మియంను అధికంగా గ్రహించే అవకాశం ఉంటుంది. పేగులలోనూ ఇటువంటి పోటీయే జరుగుతుంది. శరీరంలో ఇనుము లోపిస్తే దానిని శోషించే వాహక ప్రోటీను పెరిగి, కాడ్మియం కూడ ఆ దారినే ప్రవేశిస్తుంది. ఆహారంలో తగినంత కాల్షియం ఉంటే సీసం శోషణ తగ్గుతుంది.

వ్యాధినిరోధక వ్యవస్థకు జింకు మూలాధారం. థైమస్ గ్రంథి స్రవించే థైములిన్ జింకు లేనిదే పనిచేయదు. టి-కణాల పరిపక్వతకు ఈ హార్మోను తోడ్పడుతుంది. జింకు ప్రేరణతో ఏర్పడే మెటలోథయోనిన్ కాడ్మియంను బంధిస్తుంది. సెలీనియం గల ఎంజైములు ఆక్సీకరణ హానిని అరికడతాయి.

కాబట్టి జింకు లోపించిన పొలానికి హెక్టారుకు 50 కిలోల జింకు సల్ఫేటు, ఇంటి భోజనంలో రాగులు, నువ్వులు, పప్పులు, ఆకుకూరలు సిఫారసు చేయదగినవి. జింకు మాత్రలు మితిమీరితే రాగి ధాతువు లోపించి నిరోధకశక్తే క్షీణిస్తుంది.

అయితే ఖనిజాలు శుద్ధజలానికి ప్రత్యామ్నాయం కావు. తాగునీటిలో యురేనియంకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. రైతుకు ఆహార సలహా ఇచ్చే ముందు అతని బోరునీటి పరీక్షాఫలితాన్ని చూడడం విస్తరణ శాస్త్రవేత్త ప్రథమ కర్తవ్యం.